భోగాపురపు తోటనేల

భోగాపురము చుట్టుపట్ల కొబ్బరి, మామిడి, జీడితోటలున్న ఎఱ్ఱని ఇసుకనేల మీరెఱుగనిది కాదు. వాన వెలిసిన కొంతసేపటికే నీరు లోనికి దిగిపోవును. సారమును దానివెంటనే పోవును. అందుచేతనే మన పెద్దలు వేసవిలో బండ్లతో చెరువుమట్టి తోలి, గత్తము వేసిరి. మట్టిలోని జిగురు నీటిని పట్టును. గత్తము నేలకు సత్తువనిచ్చును.

1889లో ఇంగ్లండునుండి వచ్చిన వోల్కరను రసాయనశాస్త్రజ్ఞుడు దేశమంతయు తిరిగి, 1893 నాటి తన నివేదికలో మన రైతు నేర్పును మెచ్చెను. వంటచెఱకు లేక పేడను పిడకలుగా కాల్చుటవలన నేలకు నష్టమనియు, కట్టెలకై చెట్లు పెంచవలెననియు చెప్పెను.

నేడు పిడకల పొగ తగ్గినది. గాని పశువులును తగ్గినవి, చెరువులు పూడుచున్నవి. బస్తా ఎరువు పైరును పెంచును గాని, ఇసుకకు నీటిని పట్టు గుణమీయదు. తాతలు తోలిన మట్టి మనకు ఫలించినది. మనుమలకై మనము తోలవలసిన బండి ఇంకను మిగిలియున్నది.