తెల్లపులి వంశంలో రాధ ఎక్కడ?

1951 మే నెలలో రేవా అడవుల్లో వేట జరిగింది. తల్లిపులిని చంపేశారు. దాని తెల్ల మగకూనను మహారాజా మార్తాండ్ సింగ్ పట్టుకుని, మోహన్ అని పేరుపెట్టి గోవింద్‌గఢ్ కోటలో పెంచాడు. బేగం అనే మామూలు పులితో జతకట్టిస్తే తెల్లకూనలు పుట్టలేదు. అప్పుడు వాటి కూతురు రాధను తండ్రితోనే జతకట్టించారు. 1958లో నాలుగు తెల్లకూనలు పుట్టాయి. వాటిలో మోహిని 1960లో వాషింగ్టన్ చేరింది. అక్కడ దాన్ని సొంత కొడుకు రమణతో కూడా జతచేశారు.

తెల్లపులి వేరే జాతి కాదు. ఒక జన్యువులోని చిన్న మార్పు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ అందితేనే ఆ రంగు వస్తుంది. 2013లో పరిశోధకులు ఆ జన్యువును గుర్తించారు. తెలుపు కోసం దగ్గరి రక్తాన్నే మళ్లీ మళ్లీ కలిపారు. మెల్లకన్ను ఆ రంగుతోపాటే వచ్చే లోపం. అమెరికా జూల సంఘం 2011లో ఈ పెంపకం వద్దంది.

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ నెహ్రూ జూకి విహారయాత్రకొచ్చే పిల్లలకు తెల్లపులి అపురూపం. అదెలా తయారయిందో కూడా వాళ్లకు చెప్పాలి.

ముకుంద్‌పూర్‌లో 2016లో తెరిచిన తెల్లపులుల సఫారీకి రాజు పేరే పెట్టారు. వంశకర్తగా మోహన్‌ని తలుచుకుంటారు. రాధ ఊసే ఉండదు. మేనరికాలు చేసిన సమాజం మనది. రక్తం, ఆస్తి గడప దాటకుండా చూసే భారం ఎవరి దేహం మీద పడుతుందో మనకు తెలుసు. పులినీ స్త్రీనీ ఒకటి చేయను. వంశం నిలబెట్టాలనుకునే యజమాని చూపు మాత్రం రెండుచోట్లా ఒకటే.