కారుకీ ఓ వడకట్టు గుడ్డ

అప్పడాలు వేయించిన నూనెని మర్నాడు ఏం చేస్తాం? అడుగున మడ్డి కదలకుండా పైనుంచి తేటగా వంచి, పలచని గుడ్డలో వడకట్టి దాచుకుంటాం. నెయ్యి కాచినా అంతే, కాఫీ డికాక్షనైనా అంతే. వడకట్టడమనే విద్య ఆడవాళ్ళకి ఎవరో వచ్చి నేర్పాలా? కానీ ఈ పాటి విద్య మోటారు కారుకి అబ్బడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టిందంటే నమ్ముతారా?

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి పేటెంటు తీసుకున్నది 1886లో. ఇంజను నూనెను వడకట్టే పరికరం వచ్చింది 1923లో! ఈ మధ్యకాలమంతా ఇంజన్లు మురికి నూనెతోనే కాపురం చేశాయన్నమాట.

ఇంజనులో నూనె చేసే పని మనకి తెలిసిందే. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యన పలచని పొరలా నిలబడుతుంది. కానీ ఎంత నూనె పోసినా కాస్తో కూస్తో అరుగుదల తప్పదు. ఆ ఇనప రజనూ, పెట్రోలు కాలిన మసీ, రోడ్డు మీది దుమ్మూ అన్నీ నూనెలోనే చేరతాయి. కాపాడవలసిన నూనే చివరికి గరుకు కాగితంలా తయారై ఇంజనుని అరగదీస్తుంది. 1908లో వచ్చిన ఫోర్డు 'మోడల్ టి' కారులో నూనె వడకట్టడం మాట దేవుడెరుగు, దాన్ని పైకెక్కించే పంపు కూడా లేదు. లోపల తిరిగే చక్రాలే నూనెలో మునిగి, చుట్టూ చిమ్మేవి. అందుకని కొన్ని వందల మైళ్ళు తిరిగేసరికల్లా పాత నూనె పారబోసి కొత్తది పోసుకోవలసి వచ్చేది.

అప్పుడు అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు ఈ వడపోత పరికరాన్ని తయారుచేశారు. దానికి 'ప్యూరొలేటర్' అని పేరు పెట్టారు. 'ప్యూర్ ఆయిల్ లేటర్' అనే మూడు మాటల్ని కుదిస్తే వచ్చిన పేరది. కాసేపాగితే శుభ్రమైన నూనె అని కాబోలు అర్థం! మరుసటేడు, 1924లో, క్రైస్లర్ కంపెనీ తన కొత్త కారుకి దాన్ని బిగించే అమ్మింది.

ఆ తొలినాటి పరికరాల్లో ఓ తమాషా ఉంది. నూనె అంతా వాటిగుండా వెళ్ళేది కాదు. గంగాళంలో నీళ్ళు ఒక్కో చెంబూ తీసి, వడకట్టి, మళ్ళీ గంగాళంలోనే పోస్తే ఎలా ఉంటుంది? అలాగన్నమాట. నూనె మొత్తాన్నీ వడకట్టాకే ఇంజనులోకి పంపే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధకాలం తర్వాతగానీ బాగా వాడుకలోకి రాలేదు. దానితోపాటే కొత్త భయం పుట్టుకొచ్చింది. వడకట్టు పూడుకుపోతే ఇంజనుకి చుక్క నూనె అందదు కదా? అందుకని చిన్న కవాటం ఒకటి పెట్టారు. దారి మూసుకుపోతే అది తెరుచుకుని, నూనెని వడకట్టకుండానే లోపలికి వదులుతుంది. దొడ్డిదారి అనుకోండి.

1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్ మీకందరికీ పరిచయమే. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి అది చెల్లెలి వరస. మా ఇంట్లో ఉన్నది 1980ల నాటిది, 1489 సి.సి. పెట్రోలు ఇంజనుది. దాని వడపోత ఇంజను పక్కనే ఇనప గిన్నెలో ఉంటుంది. 1954లో అమెరికాలో విక్స్ కంపెనీ డబ్బాతో సహా తిప్పి బిగించే రకం తెచ్చింది. కొత్త కార్ల వాళ్ళు పాత డబ్బా తీసేసి కొత్తది బిగిస్తే చాలు. మా బండికి ఆ సుఖం లేదు. గిన్నె విప్పి, లోపలి కాగితపు గుత్తి పారేసి, గిన్నెని కిరసనాయిలుతో కడిగి, అడుగునున్న స్ప్రింగునీ, వాషర్లనీ వచ్చిన వరసలోనే పెట్టి బిగించాలి. అచ్చం మన పాత స్టవ్వు విప్పి శుభ్రం చేసినట్టే.

ఆ మధ్య మా మెకానిక్ కారు కిందనుంచే "అమ్మగారూ, ఓ పిన్నీసుంటే ఇప్పించండి" అని కేకేశాడు. గాజుకున్నది తీసి ఇచ్చి, దేనికబ్బాయీ అనడిగాను. గిన్నె మూతి దగ్గర గాడిలో రబ్బరు రింగు ఒకటి ఉంటుందిట. ఏళ్ళ తరబడి వేడికి బిగిసి అతుక్కుపోతుందిట. దాన్ని పిన్నీసుతో పైకి లాగి, కొత్తది వెయ్యాలి. పాతది ఉందని చూసుకోకుండా దానిమీదే కొత్తది వేస్తే, ఇంజను తిరగ్గానే నూనె సందులోంచి చిమ్మి బయటికి పోతుంది. నూనె లేని ఇంజను ఎంతసేపు బతుకుతుంది చెప్పండి? లక్షలు పోసినా ఆ పాత ఇంజను మళ్ళీ దొరకద్దూ? దాని ఆయువు ఓ రబ్బరు రింగు మీదా, మన గాజు పిన్నీసు మీదా ఆధారపడిందంటే నాకు భలే గర్వమనిపించింది సుమండీ!

తీసిన నల్ల నూనెని కాలవలో మాత్రం పొయ్యనివ్వకండి. నీళ్ళూ నేలా రెండూ పాడవుతాయి. డబ్బాలో పట్టి, పాత నూనె తీసుకునే చోట ఇప్పించండి.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఆ దొడ్డిదారి కవాటం. వడకట్టు పూడుకుపోయినా కారు ఆగదు, చప్పుడూ చెయ్యదు. స్టీరింగు ముందున్న ఎర్ర దీపం కూడా వెలగదు. ఎందుకంటే అది చూసేది నూనె ఒత్తిడిని, శుభ్రాన్ని కాదు. మురికంతా లోపలే తిరుగుతున్నా పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. దీపం వెలగలేదు కాబట్టి ఆవిడకేం, బాగానే ఉందనుకునే ఇళ్ళు మనకి తెలియనివా?

అందుకే కారుతో వచ్చిన పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకి మార్చమన్నారో చూసి, వంటింటి క్యాలెండరులో గ్యాసు సిలిండరు తేదీ పక్కనే రాసి పెడుతున్నాను. దాని కిందే, ఈసారి, నా రక్తపరీక్ష తేదీ కూడా.