ఇద్దరి మధ్య ఇంటాయన

ఇల్లు కట్టేటప్పుడు ఇంటాయన మాట చెల్లడం నేనెక్కడా చూడలేదు. తెనాలి కానివ్వండి, బాపట్ల కానివ్వండి, ఎక్కడైనా అంతే. ప్లాను గీసిన ఇంజనీరుగారికి వీధివైపు అందం కావాలి. ఇల్లాలికి వంటింట్లోంచి పెరట్లోకి దారి కావాలి. డబ్బు పెట్టే మనిషి ఇద్దరికీ తలూపుతూ మధ్యన నిలబడతాడు, తోడిపెళ్లికొడుకులాగా!

అలా తలూపిన వాళ్లలో ఓ తెల్లదొర కూడా ఉన్నాడంటే నమ్ముతారా? పేరు జేమ్స్ ఎకిలీస్ కిర్క్‌పాట్రిక్. మన తెనాలీ, బాపట్లా, రేపల్లే ఉన్న గుంటూరు సర్కారును నిజాం 1788లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ తర్వాత పదేళ్లకు నిజాం కొలువులో కంపెనీ రెసిడెంటుగా కుదురుకున్నవాడీయన. హైదరాబాదులో పెద్దింటి పిల్ల ఖైరున్నీసాను ప్రేమించి, 1800 ప్రాంతంలో నిఖా చేసుకున్నాడు.

మూసీ ఒడ్డున రెసిడెన్సీ భవనానికి ప్లాను గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళంలోని శామ్యూల్ రస్సెల్. ఆయన మనసంతా గ్రీకు, రోము కట్టడాల మీదే. ఎత్తయిన స్తంభాలు, వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ సింహాలు! బేగంగారికేమో ఘోషా. పరాయి మగవాళ్లు తిరిగే ఆ భవనంలోకి ఆవిడ రాదు. దొర రెంటికీ సరేనన్నాడు. ఇటు రస్సెల్ భవనం లేచింది, అటు బేగంగారికి హైదరాబాదు పద్ధతిలో రంగమహలు వెలిసింది. ఘోషా దాటకుండానే ఆవిడ పెద్ద భవనాన్ని చూసుకోవాలని, బొమ్మరిల్లులా దాని నమూనా కూడా తోటలో కట్టించాడని చెప్పుకుంటారు.

ఎంత ముచ్చటైన సర్దుబాటు! కానీ 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఆ తల్లి వాళ్లని మళ్లీ చూడలేదు. అదే ఏడు కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. ఇళ్లు రెండూ రెసిడెంటు ఉద్యోగానివి. ఉద్యోగంతోపాటే అవీ పోయాయి. చిన్న వయసులోనే ఒంటరిదైన ఖైరున్నీసాను ఆ తర్వాత కొంతకాలం హైదరాబాదుకే రానివ్వలేదు. కొన్నేళ్లు బందరులో గడిపింది. మన రేపల్లె దగ్గర కృష్ణ దాటి, దివిసీమ మీదుగా వెళితే వచ్చే బందరే! 1813లో ఆవిడా పోయింది.

రంగమహలును 1860లో కూల్చేశారు. రస్సెల్ భవనం మాత్రం నిలిచింది. 1949లో కోఠీ మహిళా కళాశాల అందులోకి వచ్చింది. ఖైరున్నీసాకు దూరమైన ఆ మెట్లను ఎందరు ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని ఎక్కారో!

అందుకే మా చుట్టాల్లో ఎవరైనా ఇల్లు కడుతున్నారంటే నేను ప్లాను అడగను. దస్తావేజు ఎవరి పేరునుందమ్మా అని అడుగుతాను.