గాజు పలకలపై నక్షత్రాలు

హైదరాబాదులో చిలకలగూడకు పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో ఒకప్పుడు పనిచేసిన నిజామియా వేధశాల, నవాబు జఫర్ జంగ్ 1901లో స్వంత ఖర్చుతో ఆరంభించగా, ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించిన సంస్థ. 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఛాయాచిత్రాల ద్వారా నక్షత్రాల స్థానాలను నమోదు చేయాలని సంకల్పించగా, మొదట చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణ పట్టీ ఒకటి తర్వాత ఈ వేధశాలకు దక్కింది.

ఎనిమిది అంగుళాల దూరదర్శినితో గాజు పలకపై తీసిన ప్రతి చిత్రంలోనూ ఐదేసి మిల్లీమీటర్ల ఎడంతో సన్నని గళ్లు పడేవి. సూక్ష్మదర్శినిలో చూస్తూ ఒక్కొక్క నక్షత్రపు చుక్క ఆ గీతలకు ఎంత దూరాన ఉన్నదో కొలిచేవారు. పలకపై ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతుకు సమానం. వేధశాల సంచాలకుడు పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ నాయకత్వంలో దశాబ్దాలపాటు సాగిన ఈ శ్రమ ఫలితంగా ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ముద్రితమయ్యాయి.

నక్షత్రాల నిజచలనం, అంటే ఆకాశంలో అవి ఏళ్ల తరబడి అతి నెమ్మదిగా స్థానం మారడం, పాత కొలత లేనిదే తేలదు. అందుకే హిప్పార్కస్ ఉపగ్రహపు పరిశీలనలను ఈ పాత పట్టికలతో పోల్చి, 2000లో 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టికను రూపొందించారు. ఆ పోలికలో హైదరాబాదు కొలతలూ ఉన్నాయి.