రేడియోహెడ్ అవార్డుల ఖాతా: గ్రామీలు వచ్చాయి, మెర్క్యురీ అందలేదు

బ్రిటన్, ఐర్లాండ్ కళాకారుల ఆల్బమ్‌లలో ఏటా ఒక్కదాన్ని ఎంచి ఇచ్చే పురస్కారం మెర్క్యురీ ప్రైజ్. రేడియోహెడ్ ఐదుసార్లు దాని తుది జాబితాకు చేరింది. ఐదుసార్లూ వట్టి చేతులతోనే వెనుదిరిగింది. సొంత దేశంలో సంగీత పరిశ్రమ ఇచ్చే బ్రిట్ అవార్డులకు ఎన్నోసార్లు నామినేట్ అయింది. అక్కడా ఒక్కటీ గెలవలేదు. అట్లాంటిక్‌కు అవతల అమెరికాలో మాత్రం గ్రామీలు వచ్చాయి, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. గత మూడు దశాబ్దాల రాక్ సంగీతంలో విమర్శకులు అత్యధికంగా మెచ్చుకున్న బృందాలలో ఒకటైన రేడియోహెడ్‌కు అవార్డుల పట్టిక ఇలా ఎందుకు ఉందో చూస్తే, బృందం సంగతి కన్నా అవార్డుల సంగతే ఎక్కువ తెలుస్తుంది.

బృందంలో ఐదుగురు. గాయకుడు థామ్ యార్క్, గిటార్‌తో పాటు అనేక వాద్యాలు వాయించే జానీ గ్రీన్‌వుడ్, అతని అన్న, బేస్ గిటారిస్టు కాలిన్ గ్రీన్‌వుడ్, గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్, డ్రమ్మర్ ఫిలిప్ సెల్వే. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని అబింగ్డన్‌లో ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. 1985లో ‘ఆన్ ఎ ఫ్రైడే’ పేరుతో మొదలుపెట్టి, 1991లో ఈఎంఐ సంస్థతో ఒప్పందం కుదిరాక పేరు మార్చుకున్నారు. కొత్త పేరు అమెరికన్ బృందం టాకింగ్ హెడ్స్ పాట నుంచి వచ్చింది. ఈ చిన్న విషయం 2019లో మళ్లీ పనికొస్తుంది.

మెర్క్యురీ: ఐదు ఓటములు

1997లో ‘ఓకే కంప్యూటర్’ విడుదలైనప్పుడు బ్రిటన్ పత్రికలు దాదాపు ఏకకంఠంతో ఆకాశానికెత్తాయి. ఆ ఏడాది మెర్క్యురీ దానిదేనని చాలామంది అనుకున్నారు. గెలిచింది బ్రిస్టల్‌కు చెందిన రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం చేసిన డ్రమ్ అండ్ బేస్ ఆల్బమ్ ‘న్యూ ఫార్మ్స్’. మరుసటి సంవత్సరం బ్రిట్ అవార్డులలో ఉత్తమ ఆల్బమ్ ట్రోఫీని ‘ది వర్వ్’ బృందం ‘అర్బన్ హిమ్స్’తో ఎగరేసుకుపోయింది.

2001 ఓటమిలో ఒక తమాషా ఉంది. ఆ ఏడాది ‘అమ్నీసియాక్’ పోటీలో నిలిచింది. గెలిచిన ఆల్బమ్ పీజే హార్వీది. అందులో ఒక పాటలో ప్రధాన గాత్రం థామ్ యార్క్‌దే. అంటే తన ఆల్బమ్‌ను ఓడించిన ఆల్బమ్‌లో ఆయన గొంతు ఉంది. ఆ ఫలితం ప్రకటించిన రోజు సెప్టెంబర్ 11. హార్వీ అప్పుడు వాషింగ్టన్‌లో ఉన్నారు. ఆ రాత్రి సంగీత పురస్కారం గురించి ఆలోచించే స్థితిలో ఎవరూ లేరు.

2003లో ‘హెయిల్ టు ద థీఫ్’ను దాటి డిజ్జీ రాస్కల్ తొలి ఆల్బమ్ ‘బాయ్ ఇన్ ద కార్నర్’ గెలిచింది. 2008లో ‘ఇన్ రెయిన్‌బోస్’ను ఎల్బో బృందం, 2016లో ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ను స్కెప్టా ఓడించారు. యార్క్ సొంతంగా చేసిన ‘ది ఇరేజర్’ కూడా 2006లో తుది జాబితాకు వచ్చింది. అప్పుడు ఆర్కిటిక్ మంకీస్ గెలిచారు.

గెలిచినవాళ్ల పేర్లు వరుసగా చదివితే ఒక తీరు కనిపిస్తుంది. రోనీ సైజ్, డిజ్జీ రాస్కల్, స్కెప్టా ముగ్గురూ నల్లజాతి బ్రిటిష్ నగర సంగీతం నుంచి వచ్చినవాళ్లు. డిజ్జీకి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మెర్క్యురీ విజేతను చిన్న జ్యూరీ నిర్ణయిస్తుంది. అమ్మకాలతో, వేలాది సభ్యుల ఓట్లతో దానికి పని లేదు. అలాంటి జ్యూరీ ముందు ఇప్పటికే ప్రపంచమంతా తెలిసిన బృందం, ఎవరూ పట్టించుకోని కొత్త గొంతు కలిసి నిలబడితే, బహుమతి ఎవరికి ఎక్కువ ఉపయోగపడుతుందన్న ఆలోచన రాకుండా ఉండదు. 1997లో రేడియోహెడ్‌కు అన్యాయం జరిగిందని వాదించవచ్చు. 2003 గురించి అలా వాదించడం కష్టం. డిజ్జీ ఆల్బమ్ బ్రిటిష్ సంగీతంలో గ్రైమ్ అనే కొత్త దారికి తలుపు తీసింది. ‘హెయిల్ టు ద థీఫ్’ మంచి ఆల్బమే అయినా రేడియోహెడ్ అత్యుత్తమ కృషిగా దాన్ని అభిమానులు కూడా లెక్కించరు.

గ్రామీలు: లెక్క ఎలా వేయాలి?

రేడియోహెడ్‌కు ఎన్ని గ్రామీలు అంటే ఒక్కోచోట ఒక్కో అంకె కనిపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, లెక్కించే పద్ధతి వేరు. బృందం పేరు మీద వచ్చినవి మూడు. మూడూ ‘ఉత్తమ ఆల్టర్నేటివ్ సంగీత ఆల్బమ్’ విభాగంలోవే: 1998లో ‘ఓకే కంప్యూటర్’, 2001లో ‘కిడ్ ఎ’, 2009లో ‘ఇన్ రెయిన్‌బోస్’. ఈ విభాగంలో బెక్, వైట్ స్ట్రైప్స్ కూడా మూడేసిసార్లు గెలిచారు.

ఇవి కాక రేడియోహెడ్ ఆల్బమ్‌ల మీద ఇతరులకు వచ్చినవి ఉన్నాయి. 2002లో ‘అమ్నీసియాక్’ ప్రత్యేక సంచికకు ఉత్తమ ప్యాకేజింగ్ అవార్డు దక్కింది. పాత గ్రంథాలయం నుంచి అరువు తెచ్చుకున్న ఎర్ర అట్ట పుస్తకంలా దాన్ని రూపొందించారు. ఆ ట్రోఫీ బృందానికి ఆస్థాన చిత్రకారుడనదగిన స్టాన్లీ డాన్‌వుడ్‌కు, మారుపేరుతో బొమ్మలు వేసే యార్క్‌కు వెళ్లింది. 2004లో ‘హెయిల్ టు ద థీఫ్’ రికార్డింగ్‌కు ఇంజనీర్లు నైజెల్ గాడ్రిచ్, డారెల్ థార్ప్ గెలిచారు. 2009లో ‘ఇన్ రెయిన్‌బోస్’ పెట్టె సంచికకు మరో ప్యాకేజింగ్ అవార్డు వచ్చింది. వీటినీ కలిపితే ఆరు. మన సినిమాల్లోనూ ఇదే జరుగుతుంది. ఒక చిత్రానికి ఛాయాగ్రహణం, ఎడిటింగ్, కళాదర్శకత్వానికి వచ్చిన పురస్కారాలన్నీ కలిపి పోస్టర్ మీద ఒకే అంకె వేస్తారు.

మ్యూజిక్ వీడియోల రంగంలో 2003లో ‘దేర్ దేర్’ పాటకు ఎంటీవీ నుంచి ఉత్తమ కళాదర్శకత్వం అవార్డు వచ్చింది.

గెలవని గ్రామీల పట్టిక మరింత ఆసక్తికరం. అన్నిటికన్నా పెద్దదైన ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’కు మూడుసార్లు నామినేట్ అయి మూడుసార్లూ ఓడారు. 1998లో బాబ్ డిలాన్, 2001లో స్టీలీ డాన్, 2009లో రాబర్ట్ ప్లాంట్, అలిసన్ క్రాస్ జంట గెలిచారు. డిలాన్ చేతిలో ఓటమికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. 2001 నాటి ఎంపిక మాత్రం ఇప్పటికీ విమర్శకు గురవుతూనే ఉంటుంది. అప్పుడు పోటీలో ‘కిడ్ ఎ’తో పాటు ఎమినెమ్ ‘మార్షల్ మాథర్స్ ఎల్‌పీ’ కూడా ఉంది. రెండింటినీ పక్కనపెట్టి, డెబ్భైలలో వెలిగి చాలా ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన స్టీలీ డాన్‌కు ఓటర్లు పట్టం కట్టారు. ‘కిడ్ ఎ’ అప్పుడు చాలామందికి మింగుడుపడలేదు. గిటార్లు తగ్గించి ఎలక్ట్రానిక్ శబ్దాలతో నింపిన ఆల్బమ్ అది. దాన్నుంచి సింగిల్ కూడా విడుదల చేయలేదు. అయినా అమెరికా జాబితాలో మొదటి స్థానంలో అడుగుపెట్టింది. 2009లో రోలింగ్ స్టోన్ పత్రిక ఆ దశాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా దాన్నే ఎంచింది.

మూడు సందర్భాల్లోనూ జరిగింది ఒకటే. పెద్ద ట్రోఫీ పాతతరం దిగ్గజాలకు వెళ్లింది, ‘ఆల్టర్నేటివ్’ ట్రోఫీ రేడియోహెడ్‌కు వచ్చింది. ఈ విభాగాన్ని రికార్డింగ్ అకాడమీ 1991లో మొదలుపెట్టింది. తొలి విజేత ఐర్లాండ్ గాయని షినేడ్ ఓకానర్. ప్రధాన స్రవంతికి పక్కగా సాగే సంగీతాన్ని గుర్తించడం దాని ఉద్దేశం. అయితే పక్కన ఒక గది కట్టాక, ఆ గదిలోవాళ్లకు అక్కడే మర్యాద చేసి పంపడం అలవాటవుతుంది. భారతీయ సంగీతకారులకు ఈ అనుభవం కొత్త కాదు. 2009 గ్రామీలలోనే జాకీర్ హుస్సేన్ ‘గ్లోబల్ డ్రమ్ ప్రాజెక్ట్’కు మిక్కీ హార్ట్ తదితరులతో కలిసి అవార్డు అందుకున్నారు. అది ‘సమకాలీన ప్రపంచ సంగీతం’ అనే విభాగంలో. అకాడమీ 2020లో ‘వరల్డ్’ అనే మాట తీసేసి ‘గ్లోబల్’ అని పెట్టింది. 2024లో శక్తి బృందం గెలిచింది ఆ విభాగంలోనే. పేరు మారింది, గది అదే. ప్రధాన ట్రోఫీలో భారతీయ కళాకారుడికి వాటా దక్కిన ప్రసిద్ధ ఉదాహరణ కోసం 1973 దాకా వెనక్కి వెళ్లాలి. జార్జ్ హారిసన్, రవిశంకర్ తదితరుల ‘కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ ఆ ఏడాది ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్.

2009లో ఏం జరిగింది

రేడియోహెడ్ అవార్డుల చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం ఇదే. ఈఎంఐతో ఒప్పందం ముగిశాక, 2007 అక్టోబర్ 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ను బృందం తన సొంత వెబ్‌సైట్‌లో పెట్టింది. ధర ఎంత అన్నది కొనేవాళ్ల ఇష్టం. పైసా ఇవ్వకుండానూ దించుకోవచ్చు. పైరసీతో రికార్డు కంపెనీలు కుదేలవుతున్న రోజులవి. అంత పెద్ద బృందం ఆ పని చేయడం పరిశ్రమకు గుబులు పుట్టించింది. తర్వాత సీడీగా దుకాణాలకు వచ్చినప్పుడు బ్రిటన్, అమెరికా రెండు చోట్లా అది మొదటి స్థానానికి చేరింది. ఉచితంగా దొరికిన సరుకును జనం మళ్లీ డబ్బిచ్చి కొన్నారన్నమాట.

అలాంటి ఆల్బమ్‌ను కంపెనీల ప్రపంచానికి ప్రతినిధి లాంటి అకాడమీ ఎలా చూస్తుందన్నది ఆనాటి ప్రశ్న. జవాబు ఉదారంగానే వచ్చింది. ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్‌తో పాటు, ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ పాటకు రాక్ విభాగాల్లోనూ, వీడియోకూ నామినేషన్లు దక్కాయి. ఆ వీడియోను మామూలు కెమెరాలు లేకుండా లేజర్ స్కానింగ్‌తో తీశారు. వేడుకలో యార్క్, జానీ గ్రీన్‌వుడ్ ఒక విశ్వవిద్యాలయ మార్చింగ్ బ్యాండ్‌తో కలిసి ‘15 స్టెప్’ వాయించారు. ఆ రాత్రి ప్రదర్శనల్లో జనం ఇప్పటికీ వెతికి చూసేది అదే. ప్రధాన ట్రోఫీ మాత్రం దక్కలేదు.

ఆ తర్వాత గ్రామీలు దూరమయ్యాయి. 2012లో ‘ది కింగ్ ఆఫ్ లింబ్స్’ ఐదు నామినేషన్లు తెచ్చుకుని ఒక్కటీ గెలవలేదు. 2017లో ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ పోటీపడింది డేవిడ్ బోవీ చివరి ఆల్బమ్ ‘బ్లాక్‌స్టార్’తో. చనిపోవడానికి రెండు రోజుల ముందు బోవీ విడుదల చేసిన ఆల్బమ్ అది. గెలుపు ఎవరిదో ముందే తెలిసిన పోటీ.

ఆస్కార్ నిబంధనలు

సినిమా వైపు కథ ఇంకో రకం. పాల్ థామస్ ఆండర్సన్ చిత్రం ‘దేర్ విల్ బి బ్లడ్’కు జానీ గ్రీన్‌వుడ్ చేసిన సంగీతానికి 2008 బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి దక్కింది. ఆస్కార్‌కు మాత్రం అర్హత లేదన్నారు. అంతకుముందే రాసిన స్వరాలను అందులో వాడారన్నది కారణం. తర్వాత ‘ఫాంటమ్ థ్రెడ్’తో 2018లో, ‘ది పవర్ ఆఫ్ ద డాగ్’తో 2022లో ఆయన నామినేట్ అయ్యారు, రెండుసార్లూ ఓడారు. ‘స్పెక్టర్’ అనే జేమ్స్ బాండ్ చిత్రానికి రేడియోహెడ్ చేసిన పాటను నిర్మాతలు తిరస్కరించారు. 2015 క్రిస్మస్ రోజున బృందం దాన్ని ఉచితంగా విడుదల చేసింది. నిర్మాతలు ఎంచుకున్న శామ్ స్మిత్ పాటకు రెండు నెలల తర్వాత ఆస్కార్ వచ్చింది.

హాల్ ఆఫ్ ఫేమ్

తొలి రికార్డు విడుదలై పాతికేళ్లయితే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు అర్హత వస్తుంది. 1992 ఈపీ లెక్కన రేడియోహెడ్ పేరు 2017లోనే నామినేషన్లలోకి ఎక్కింది. ఆ విడత ఎంపిక కాలేదు. మరుసటి విడత ఎంపికైంది. 2019 మార్చి 29న బ్రూక్లిన్‌లో జరిగిన వేడుకలో వాళ్లను సభకు పరిచయం చేసింది డేవిడ్ బర్న్. బృందానికి పేరిచ్చిన ఆ టాకింగ్ హెడ్స్ పాట రాసింది ఆయనే. సన్మానం అందుకోవడానికి ఐదుగురిలో ఇద్దరే, ఓబ్రయన్, సెల్వే వచ్చారు.

అంతకు కొన్నేళ్ల ముందే అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం ‘ఓకే కంప్యూటర్’ను జాతీయ రికార్డింగ్ భాండాగారంలో చేర్చింది. దానికి ట్రోఫీ లేదు, వేడుక లేదు, ఓడిపోయేవాళ్లూ ఉండరు. భావితరాల కోసం ఆ ధ్వనిని భద్రపరచాలని ఒక ప్రభుత్వ సంస్థ నిర్ణయించింది, అంతే. అభిమానులలో చాలామందికి గ్రామీల సంఖ్య తెలిసినంతగా ఈ సంగతి తెలియదు.

ఏ పట్టికలోనూ పెద్దగా కనపడని పని ఒకటి జోధ్‌పూర్‌లో జరిగింది. 2015లో జానీ గ్రీన్‌వుడ్, ఇజ్రాయెల్ స్వరకర్త షాయ్ బెన్ జూర్, రాజస్థాన్ సంగీతకారుల బృందం రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్ కలిసి మెహరాన్‌గఢ్ కోటలో ‘జునూన్’ ఆల్బమ్ రికార్డు చేశారు. ఖవ్వాలీ గాయకులు, మంగణియార్ కళాకారులు, బాజా బృందం అందులో పాల్గొన్నారు. శబ్దం బాధ్యత గాడ్రిచ్ చూసుకున్నాడు. ఆండర్సన్ అక్కడే ఉండి చిత్రీకరించిన డాక్యుమెంటరీలో కోట కిటికీలలోంచి పావురాలు ఎగిరి లోపలికి వస్తుంటాయి, మధ్యలో కరెంటు పోతుంది, వాయించేవాళ్లు ఆగి అది వచ్చేదాకా కూర్చుంటారు.