గజ్జె కట్టిన పాట

కచేరీలో విద్వాంసుడు తల ఊపితే మనకూ ఉత్సాహమే. మరీ ఊగితే చిరాకు. ఈ చిరాకు ఇవాళ్టిది కాదు. 13వ శతాబ్దంలో దేవగిరిలో ఉన్న శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో గాయకుల దోషాలు పాతిక దాకా ఏకరువు పెట్టాడు. ఒంటెలా మెడ సాచేవాడు కరభుడు, మెడ వంకర తిప్పేవాడు వక్రి, బుగ్గలు పూరించేవాడు తుంబకి, కళ్లు మూసుకుని పాడేవాడు నిమీలకుడు. ఈ చివరిదాన్ని పట్టుకుంటే ఇప్పటి సభల్లో సగం వేదికలు ఖాళీ!

అదే ఒంటి కదలికను దోషాల పట్టికలోంచి తీసి విద్యల్లో చేర్చిన ఊరు విజయనగరం. మరాఠీ కీర్తనకారుల కథాగానం తంజావూరు చేరి, అక్కడ కర్ణాటక సంగీతం నింపుకుని, మద్రాసు మీదుగా హరికథగా పైకొచ్చింది. 1883లో కుప్పుస్వామి నాయుడుగారు విజయనగరంలో హరికథ చెబుతుంటే విన్నవాళ్లలో అజ్జాడ కుర్రాడొకడున్నాడు. పేరు ఆదిభట్ల సూర్యనారాయణ, వయసు పందొమ్మిది. విని ఊరుకోలేదు. ‘ధ్రువచరిత్ర’ తానే రాసి, తానే గజ్జె కట్టాడు. ఆ కుర్రాడే నారాయణదాసుగారు.

కాళ్లకు గజ్జెలు, చేతిలో చిరుతలు, మెడలో పూలదండ. రాజూ తానే, రాణీ తానే, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించేవాడూ తానే. వేషం మార్చే వీలు లేదు కనుక మారాల్సింది ఒళ్లే. వీటన్నిటి మీదా ఆయనకు పేరు తెచ్చింది పంచముఖి: రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఒక్కోదానికి ఒక్కో తాళం. ఎంత కష్టమో ఓసారి లెక్కేసి చూశాను. మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాల నడకలను ఒకేసారి మొదలుపెడితే, అయిదూ మళ్లీ ఒక్క దెబ్బ మీద కలిసేది 1260 అక్షరాల తర్వాతే.

ఐరోపాలో ఇంతకు ముందే ఫ్రాంజ్ లిస్ట్ ఇంకో దారి తొక్కాడు. తోడెవరూ లేకుండా పియానో ఒక్కటే వినిపించే కచేరీలు 1839లో మొదలుపెట్టాడు. పియానోను జనానికి పక్కవాటుగా పెట్టి, మొహం కనబడేలా కూర్చుని, పొడుగాటి జుట్టు ఎగరేసేవాడు. ఆ జనం పిచ్చికి కవి హైనే 1844లో ‘లిస్టోమేనియా’ అని పేరే పెట్టాడు. అయితే లిస్ట్ జుట్టు ఎగరేసినా మానినా పియానో పలికే స్వరం ఒకటే. దాసుగారి కాలు ఆగితే మాత్రం ఒక తాళం పోయినట్టే. మొదటిది సోకు, రెండోది పాటలో భాగం. సోకు తప్పని నేననను. అది లేకపోతే లిస్ట్ పేరు ఇంత దూరం వచ్చేదా?

మళ్లీ మన విజయనగరానికి వస్తే, 1919లో అక్కడి మహారాజా విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాల పెట్టి దాసుగారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టారు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన పాతికేళ్ల యువకుడు ద్వారం వెంకటస్వామినాయుడు. చూపు మందం. ఆయన చేతిలోని వాద్యం దాసుగారి విద్యకు పూర్తిగా ఎదురు. పడమటివాళ్లు వయొలిన్‌ను గడ్డం కింద పెట్టి, నిలబడి, ఎటు కావాలంటే అటు ఊగుతూ వాయిస్తారు. మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసి, వాద్యం తలను కుడిపాదం మీద ఆనించి, రెండో కొసను ఎడమ భుజానికీ రొమ్ముకూ మధ్య ఇరికిస్తారు. దాంతో ఎడమచెయ్యికి మోసే బరువు తప్పి, గమకం కోసం తీగ పొడుగునా జారే వెసులుబాటు దొరుకుతుంది. కానీ ఒళ్లు ఊగిందా, పట్టు జారిందే. మిగిలిన కదలికంతా కుడిచేతి విల్లుదే. ద్వారం వారి గొప్పంతా ఆ విల్లును నిడివిగా, తెగకుండా లాగడంలోనే ఉంది.

1936లో దాసుగారు దిగిపోతే ప్రిన్సిపాలు కుర్చీ ద్వారం వారికే వచ్చింది. రెండేళ్ల తర్వాత వేలూరులో ఆయన తొలి సోలో కచేరీ. అప్పటిదాకా గాయకుడి పక్కన సర్దుకున్న వయొలిన్ ఆ రోజు వేదిక మధ్యకు వచ్చింది. చూడ్డానికి గాయకుడి హావభావాలు లేవు, గజ్జెలు లేవు. పాదం మీద వాద్యం ఆనించి కూర్చున్న మనిషి, వచ్చీ పోయే విల్లు.