రైలుకట్టల ప్రక్కన మిగిలిన పూలు

ఉత్తర అమెరికా ఖండము నడుమ ఒకప్పుడు మనిషి ఎత్తు గడ్డియు, ఆ గడ్డిలో వందలాది జాతుల పూలమొక్కలును పెరుగు మహా మైదానములు ఉండెడివి. వీటిని ప్రెయిరీలందురు. ఇల్లినాయ్ రాష్ట్రమొక్కదానిలోనే ఇవి సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరములు వ్యాపించియుండెను. 1978లో ముగిసిన సర్వేలో, ఆ రాష్ట్రమున చెడక మిగిలిన ప్రెయిరీ 2,300 ఎకరములు మాత్రమేనని తేలెను. పదివేల ఎకరములకు ఒక ఎకరము చొప్పున మిగిలినదన్నమాట!

ఇది నాగలి చేసిన పని. ప్రెయిరీ నేల నల్లనిది, జిగటగలది. మొదట వచ్చిన వలస రైతుల ఇనుప నాగళ్ళకు అది అంటుకొని సాలు సాగనిచ్చెడిది కాదు. 1837లో ఇల్లినాయ్‌లోని గ్రాండ్ డిటూర్ అను ఊరిలో జాన్ డీర్ అను కమ్మరి నున్నని ఉక్కు నాగలి తయారుచేసెను. మట్టి దానినుండి జారిపోయెడిది. కొన్ని దశాబ్దములలో మైదానమంతయు మొక్కజొన్న చేలయ్యెను. నాగలి పోని రెండు తావులలో మాత్రము పాత పూలు నిలిచినవి: రైలుకట్టల అంచులలోను, పల్లెల పాత శ్మశానములలోను. చచ్చినవారికి విడిచిన నేలయే ఆ మొక్కలను బ్రదికించినది.

పోయిన ప్రెయిరీని తిరిగి పెంచవచ్చునా? ఈ ప్రశ్నకు మొదటి పెద్ద ప్రయత్నము విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారిది. 1934లో మాడిసన్ నగరమున ప్రారంభమైన వారి వృక్షోద్యానమునకు ఆల్డో లియోపోల్డ్ వంటి పెద్దల అండ ఉండెను. మరుసటి సంవత్సరమునుండి థియోడార్ స్పెర్రీ అను వృక్షశాస్త్రజ్ఞుని పర్యవేక్షణలో నిరుద్యోగ యువకుల దళము ఒక పాత పొలములో ప్రెయిరీ మొక్కలు నాటనారంభించెను. విత్తనములు చల్లిరి, మిగిలియున్న ప్రెయిరీలనుండి మొక్కలతో సహా మట్టిపెల్లలు త్రవ్వి తెచ్చిరి. పెల్లలు బాగుగానే నాటుకొనును గాని, ఒకచోట ప్రెయిరీని పెంచుటకు మరియొకచోట దానిని త్రవ్వవలసివచ్చును. మిగిలినదే కొద్దియైనప్పుడు ఈ పద్ధతి ఎంతకాలము సాగును?

కనుక విత్తనమే శరణ్యము. అది కూడ కొద్దిగానే దొరకును. 1962లో షికాగో సమీపమున లైల్ అను ఊరిలోని మోర్టన్ వృక్షోద్యానమున రే షులెన్‌బర్గ్ అను ఆయన పని ఆరంభించినప్పుడు, చుట్టుప్రక్కల సుమారు 50 మైళ్లలోపల మిగిలిన తునుకలనుండియే విత్తనము సేకరించుటకు నిశ్చయించుకొనెను. ఆ ప్రాంతపు చలికి, వానకు అలవాటుపడిన వంశములు ఆ గింజలలోనే ఉండునని ఆయన ఉద్దేశము. అట్టి గింజలను నేలపై చల్లినచో ఎలుకలకు, పక్షులకు, ఎండకు, కలుపునకు పోగా మొక్కలగునవి స్వల్పము. అందుచేత ఆయనయు, సహాయకులును నారును గాజుగృహములో పెంచి, చేతితో వరుసలుగా నాటి, కలుపును చేతితోనే తీసిరి. ఇంత చాకిరీ ఎందుకని నవ్వినవారు ఉండియుండవచ్చును. కాని అరుదైన గింజ విషయమున ఇంతకన్న పొదుపైన దారి లేదని నా అభిప్రాయము.

అయితే ఈ గింజలు తొట్టిలో వేయగానే మొలవవు. శరత్కాలమున రాలిన గింజ వెంటనే మొలచినచో లేత మొక్క మంచులో చచ్చును. అందువలన ఆ గింజలోని అంకురమునకు ప్రకృతి ఒక గడియ వేసినది. చలియు, తడియు కలిసి కొన్ని వారములు తగిలినగాని, మొలకను ఆపు రసాయనముల బలము తగ్గదు. పొడిచలి చాలదు. ఈ శీతకాలమును నర్సరీవారు కృత్రిమముగా కల్పింతురు: గింజలను తడి ఇసుకలో కలిపి, సుమారు 4 డిగ్రీల సెంటిగ్రేడు చలిలో, జాతిని బట్టి ఒకటి మొదలు మూడు నెలలు ఉంచుదురు. చిక్కుడు కుటుంబపు గింజల తంటా వేరు. వాటి పైపొర నీటిని లోనికి పోనీయదు. గరుకు కాగితముతో రుద్దవలెను. మనవారు తుమ్మగింజలను వేడినీటిలో నానవేయుట ఇందుకొరకే.

మొలచిన పిమ్మట వేరు సంగతి. సిల్ఫియం జాతిలో దిక్సూచి మొక్క యని ఒకటి కలదు. దాని ఆకుల అంచులు ఉత్తర దక్షిణములకు తిరిగియుండును. మొదటి కొన్ని సంవత్సరములు అది పైకి కొద్ది ఆకులే వేసి బలమంతయు తల్లివేరునకు పెట్టును. ముదిరిన మొక్క వేరు పది అడుగులకు మించి దిగును. ఇట్టి వేరు గుండ్రని కుండీలో అడుగు తగిలి చుట్టలు చుట్టుకొనును. నేలలో నాటిన తరువాత కూడ ఆ చుట్ట విడదు. 1970 దశాబ్దమున పడమటి అమెరికాలోను, కెనడాలోను అడవిచెట్ల నారుకై సన్నని లోతైన గొట్టములు వాడుకలోనికి వచ్చెను. వీటి లోపలి నిలువు గట్లు వేరును క్రిందికి నడుపును, అడుగు తెరచియుండును. వేరుకొన గాలి తగిలి ఎండి ఆగిపోగా, పైభాగమున ప్రక్కవేళ్లు పుట్టును. అడవిపూలు పెంచువారికి ఇవి వరమయ్యెను.

తొట్టినారే సర్వమని కాదు. 1975లో బటావియాలోని ఫెర్మి పరిశోధనాలయమున, పరమాణు కణములను వేగముగా త్రిప్పు యంత్రపు వలయము నడుమ రాబర్ట్ బెట్జ్ అను ఆచార్యుడు ప్రెయిరీ విత్తించెను. శ్మశానపు పూలను వెదకి పేరుపొందినవాడీయనయే. వందల ఎకరములకు నారు నాటుట కాని పని. అక్కడ యంత్రములతో విత్తనము చల్లించిరి. విత్తనము సమృద్ధిగా ఉన్నచోట చల్లుదురు, గుప్పెడే ఉన్నచోట తొట్టిలో వేయుదురు. షులెన్‌బర్గ్ పేరు పెట్టిన మోర్టన్ ప్రెయిరీ ఇప్పుడు సుమారు 100 ఎకరములు.

ఒంటరిగా తొట్టిలో సరిగా ఎదుగని పూలు కూడ కొన్ని గలవు. కాస్టిల్లేజా జాతివి అట్టివి. వాటి వేళ్లు పొరుగు మొక్క వేళ్లకు అంటుకొని కొంత ఆహారము పీల్చుకొనును. కనుక అదే తొట్టిలో ఒక గడ్డిమొక్కను కూడ పెంచుదురు. మన నర్సరీలలో శ్రీగంధపు నారు సంచిలో కందిమొక్కను పెంచుట చూచినవారికి ఇది వింత కాదు.